ముల్లు తడబడిన చోటు

కొణిజేడు కొండ మీద
నా పదిహేడో ఏట ఒక చెక్కపెట్టె మోశాను.
లోపల వక్కపొడి డబ్బీ అంత దిక్సూచి.
మొహిద్దీన్ సారు మూత తీసేవారు, నేను గొడుగు పట్టేవాణ్ణి.
కింద శనగచేలో ఉత్తరం ఉన్నచోటే ఉండేది.
కొండ ఎక్కేకొద్దీ ముల్లు
కల్లు తాగి ఇంటిదారి వెతుక్కునే మనిషయ్యేది.
నేను పడీపడీ నవ్వేవాణ్ణి.
"ఇనుమురా కింద, అంతా సూదంటురాయే" అని సారు
మామిడిటెంక అంత నల్లరాయి చేతిలో పెట్టారు.
గుండుసూదులు దగ్గరికి తెస్తే
దానికి గడ్డం మొలిచేది.

ఇప్పుడు కనపర్తి ఉప్పు కొటార్ల మీద రాత్రికాపలా.
ఆ రాయి నా గది తలుపు కింద ఉంటుంది,
గాలికి కొట్టుకోకుండా.

ఫాల్గుణం సగంలో తబిత అనే పిల్ల వచ్చి
మడుల మధ్య వల కట్టింది.
పిట్టల కాళ్లకు ఉంగరాలు తొడిగి, లెక్క రాసుకుని, వదిలేస్తుంది.
ఉల్లంకులంటే నాకు
ఉప్పు మీద పరుగెత్తే బూడిద, అంతే.
"సైబీరియా నించి వస్తాయి మామా" అంది,
పక్క మండలం పేరు చెప్పినంత తేలిగ్గా.
దారెట్టా తెలుస్తది?
"కచ్చితంగా ఎవరికీ తెలీదు" అంది.
అంత చదువుకున్న పిల్ల
తెలీదని అంత హాయిగా చెప్పడం నేను ముందెన్నడూ వినలేదు.

కంట్లో ఏదో ఉందంట.
నీలివెలుగు తగిలితే జంట రేణువులు విడిపోయి,
విడిపోయినా ఒకదాన్నొకటి మరవక,
భూమి లాగుడుకి రవంత ఊగుతాయంట.
ఆ ఊగుడు చూపు మీద పల్చటి నీడగా పడుతుందేమోనంట.
కాదు, ముక్కులో ఇనుముందన్నవాళ్లూ ఉన్నారంట.
ఉత్తరం ఏదని కాదంట అవి చూసేది,
గీతలు నేలకి ఎంత వాలాయని.
వాటి ఊళ్లో దాదాపు నిట్టనిలువు. ఇక్కడికొచ్చేసరికి పడక.
నేను మడుల వైపు చూశాను.
పడుకోవడానికి ఇంతకంటే చదునైన చోటు
దేనికైనా ఎక్కడ దొరుకుతుంది?

ఒక సాయంత్రం రెక్క బెణికిన ఉల్లంకిని నాకప్పగించి
ఆ పిల్ల ఒంగోలు బస్సెక్కింది.
నేల మీద బూడిద చల్లి, పిట్ట మీద గంప బోర్లించాను.
మబ్బు రాత్రి, ఒక్క చుక్క లేదు.
పొద్దుపోయాక మొదలైంది గీరుడు.
ఒకటే వైపు, ఉత్తరం వైపు.
గంప సగానికి తిప్పాను. మళ్లీ అటే.
ఇంకోసారి తిప్పాను.
గంప మొహం మారింది గాని
పిట్ట మొహం మారలేదు.

అప్పుడొక పాడుబుద్ధి పుట్టింది.
తలుపు కింద రాయి తీసి గంపకి ఆనించాను.

గీరుడు ఆగింది.
చాలాసేపటికి పడమర గీరింది, ఒక్కసారి.
తర్వాత దక్షిణం. తర్వాత ఏ వైపూ కాదు,
మధ్యలో నిలబడి రెక్క విదిల్చిన చప్పుడు.
రాయి వల్లనో, నా చేతి వాసన వల్లనో,
అడ్డం లేక తలుపు దబదబా కొట్టుకోవడం వల్లనో,
చెప్పడానికి నేనెవర్ని.
కొండ మీద నవ్వొచ్చిన తడబాటే అది.
గంప కింద వింటుంటే నవ్వు రాలేదు.

చీకట్లో మూడు మడులు దాటి
రాయిని కాలవగట్టు మీద పెట్టొచ్చాను.
తలుపుకి వీపు ఆనించి కూచున్నాను.
కోడికూతకి ముందు
మళ్లీ ఉత్తరం గీరింది.

పొద్దున తబిత గంప ఎత్తి
బూడిదలో అరచందమామలా పడ్డ కాలిగుర్తులు చూసి
ఫోన్లో ఫొటో తీసుకుంది.
రాయి సంగతి నేను చెప్పలేదు.
వారానికి రెక్క కుదిరింది, వదిలాం.
ఉత్తరం పోతుందని ఇద్దరం మెడలు చాపి చూస్తే
అది తూర్పు మడిలో దిగి పురుగు ఏరుకుంది.
ఎప్పుడు పోయిందో చూసినవాళ్లు లేరు.

ఆ రోజు ఇంటికెళ్లి నడుం వాలిస్తే
పేరమ్మ లేపి మంచం తిప్పించింది,
ఉత్తరం తల కూడదని.
ఎందుక్కూడదే అన్నాను.
ఏమో, ఎవరికి తెలుసు అంది.

రాయి ఇంకా కాలవగట్టు మీదే ఉంది.
తలుపుకి ఇటుక పెట్టుకున్నాను.